డేట్, డేటా, దత్తం: ఒక లాటిన్ కృదంతం

ఒమాన్‌లో జబల్ అఖ్దర్ పర్వతపాదాన ఉన్న రుస్తాఖ్ ఫలజ్ కాలువలకూ ఖర్జూర తోటలకూ పేరుపొందిన ఊరు. అక్కడ ఆంగ్లంలో ఏ దరఖాస్తు నింపినా రెండు మాటలు ఎదురవుతాయి: డేట్, డేటా. రెండూ ఒకే లాటిన్ కృదంతం నుండి వచ్చాయి. తోటలోని ‘డేట్’కు మాత్రం వీటితో చుట్టరికం లేదు, అది ‘వేలు’ అనే అర్థమున్న గ్రీకు మాట ‘దక్తులోస్’ ద్వారా వచ్చింది.

లాటిన్‌లో ‘దరె’ అంటే ఇవ్వడం. దాని భూతకాలిక కర్మార్థక కృదంతం విశేషణం కనుక విశేష్యాన్ని అనుసరించి మారుతుంది: పుంలింగంలో దతుస్, స్త్రీలింగంలో దత, నపుంసకంలో దతుమ్. నపుంసక బహువచనం కూడా ‘దత’యే, అంటే ‘ఇవ్వబడినవి’. సంస్కృతంలోని ‘ఫలాని’ లాగే ప్రథమకూ ద్వితీయకూ అదే రూపం; షష్ఠిలో దతోరుమ్ అవుతుంది. మన డేటా ఈ బహువచనమే. డేట్ మాత్రం స్త్రీలింగ ఏకవచనం నుండి పుట్టింది. రోమన్లు ఉత్తరంలో ‘ఫలానా చోట, ఫలానా రోజున ఇవ్వబడినది’ అని రాసేవారు. లాటిన్‌లో ఉత్తరం స్త్రీలింగం.

సంస్కృత ‘దత్త’ దీనికి దాయాది. ధాతువూ ఒకటే, ప్రత్యయమూ ఒకటే. సంస్కృతంలో ధాతువు ‘దద్’గా మారడం వల్ల ద్విత్వం వచ్చింది. కాబట్టి మన గణిత పాఠ్యపుస్తకాల్లోని ‘దత్తాంశం’ చక్కని అనువాదమే. అయితే తెలుగు ఈ బహువచనాన్ని పట్టించుకోలేదు: ‘డేటా వచ్చింది’ అంటాం, ‘వచ్చాయి’ అనం. ఆంగ్లంలో ఇంకా తెగని తగవు మనకు పుట్టనే లేదు.

అచ్చ తెలుగు ‘ఇచ్చిన’ తీరు వేరు. ఇచ్చిన మనిషి, ఇచ్చిన పుస్తకం: ధాతుజ విశేషణం ఒకటే, అది కర్తకూ చెల్లుతుంది, కర్మకూ చెల్లుతుంది. లాటిన్ కృదంతం కర్మనే చూపుతుంది, ఇచ్చినవారెవరో చెప్పదు. ఫోను తనంతట తాను నమోదు చేసుకునే మన ఆచూకీని కూడా ‘ఇవ్వబడినది’ అనే పిలుస్తున్నాం. నిజానికి అది తీసుకోబడినది.

అరబ్బీలో ‘ముఅతయాత్’ అనే మాట ఉంది. అదీ కర్మార్థక కృదంతపు బహువచనమే, అర్థమూ ‘ఇవ్వబడినవి’ అనే. కానీ 2022 నాటి ఒమాన్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ‘బయానాత్’ అనే మాటను వాడింది: స్పష్టపరచిన వివరాలు అని. ఆ వివరాలు ఎవరివో ఆ వ్యక్తిని చట్టం ‘సాహిబ్’ అంటుంది, అంటే యజమాని. వాటిని వాడుకోవడానికి అతని స్పష్టమైన సమ్మతి కావాలంటుంది. కృదంతం వదిలేసిన కర్తకు అక్కడ చోటు దొరికింది.