పంజరంలో చిలకకు పచ్చిమిరపకాయ ఒక్కటే చాలదు
ముద్దుచేసి పెట్టే తిండే ముప్పు తెస్తోంది

చాగలమర్రి: తెల్లవారితే చాలు, కీచుకీచుమంటూ చిలకల గుంపులు పొలాల మీదికి బయలుదేరతాయి. జొన్న కంకి పాలుపోసుకునే రోజుల్లో రైతుకు మంచె దిగే తీరిక ఉండదు. వడిసెల తిప్పుతూ, డబ్బా కొడుతూ, గొంతు బొంగురుపోయేదాకా అరుస్తూ కాపలా కాయవలసిందే. పొద్దుగూకి ఇల్లు చేరితే కొన్ని ఇళ్ళ వసారాల్లో ఇంకో చిలక పంజరంలో నుంచి పలకరిస్తుంది. చేలో చిలక దొంగ, ఇంట్లో చిలక బిడ్డ. విచిత్రమేమంటే దొంగ తినే తిండే మేలైనది. బిడ్డకు పెట్టే తిండే నాసిరకం.

ఊళ్ళో ఎవరినడిగినా చిలక తిండి అంటే రెండే మాటలు చెబుతారు. ఒకటి వడ్లు, రెండోది పచ్చిమిరపకాయ. మరీ గారాబం చేసేవారు పెరుగన్నం, బూందీ, బిస్కెట్టు ముక్క పెడతారు. కొందరు టీలో ముంచిన రొట్టె కూడా అందిస్తారు. చిలక కూడా వద్దనదు. తినగా తినగా రెక్కల నిగారింపు పోయి, మూలన ముడుచుకుని కూర్చున్నప్పుడు మాత్రం దిష్టి తగిలిందంటారు. తగిలింది దిష్టి కాదు, తిండిలోని లోపం.

బయటి చిలక భోజనం

చెట్టు మీద బతికే రామచిలుక ఒక్క తిండితో సరిపెట్టుకోదు. పొద్దున జొన్న కంకి మీద వాలితే మధ్యాహ్నం వేపపండు, సాయంత్రం జామతోట. మర్రిపండ్లు, రావిపండ్లు కాచినప్పుడు ఆ చెట్లే దాని ఇల్లు. బూరుగు పూసినప్పుడు పూలలోని తేనె జుర్రుతుంది. లేత చిగుళ్ళు, మొగ్గలు, చింతకాయలు, మామిడికాయలు ఏవీ విడువదు. కాలం మారితే కంచం మారుతుంది. పైగా ఆ తిండి కోసం రోజూ మైళ్ళ కొద్దీ ఎగురుతుంది. తిన్నది అరుగుతుంది, ఒళ్ళు తేలికగా ఉంటుంది.

చిలక కొట్టిన జామకాయ తియ్యగా ఉంటుందని పిల్లలు ఎగబడి తింటారు. ఏ కాయ పండిందో, ఏది పండలేదో చూసి ఎంచుకోవడం దానికి పుట్టుకతో వచ్చిన విద్య. పంజరంలో ఆ ఎంపిక లేదు. మనం పెట్టిందే తినాలి. కాబట్టి బాధ్యత అంతా పెట్టేవారిదే.

మిరపకాయ మర్మం

పచ్చిమిరపకాయ పెట్టే అలవాటు తప్పేమీ కాదు. మిరపలో ఎ, సి విటమిన్లు ఉన్నాయి. పండుమిరపలో ఎ విటమిను మరీ ఎక్కువ. మన నోరు మండించే కారం చిలకను ఏమీ చేయదు. కారాన్ని నాలుకకు తెలియజేసే గ్రాహకం పక్షుల్లో వేరేరకంగా ఉంటుందని 2002లో అమెరికా శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. ఆ పరిశోధకులలో ఒకరైన డేవిడ్ జూలియస్‌కు, మనిషి శరీరం వేడినీ కారాన్నీ ఎలా గుర్తిస్తుందో కనుగొన్నందుకు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. మిరప గింజలను ఊరూరా చల్లేది పక్షులే గనుక ప్రకృతి వాటికి ఆ మినహాయింపు ఇచ్చినట్టుంది.

అయితే మిరపకాయ కూర వంటిది. కూర ఒక్కటే తిని మనిషి బతకలేడు గదా!

గింజల మోజుతో వచ్చే చేటు

పట్నంలో పక్షుల దుకాణాలవారు పొద్దుతిరుగుడు గింజలు అంటగడతారు. చిలకకు అవంటే ప్రాణం. మిగతావి గిన్నెలోనే వదిలి వాటినే ఏరుకు తింటుంది. ఆ గింజలో సుమారు 40 శాతం నూనె. ఎగిరే చిలకకు అది బలం, పంజరంలో కదలక కూర్చున్న చిలకకు కాలేయంలో పేరుకునే కొవ్వు. అందులో సున్నం పాలు తక్కువ. గుడ్లు పెట్టే ఆడచిలకకు సున్నం చాలకపోతే గుడ్డు లోపలే అడ్డంపడి ప్రాణం పోతుంది.

గింజలు మాత్రమే తినే చిలకలకు ఎ విటమిను కొరత వస్తుంది. తరచు తుమ్మడం, కళ్ళు వాయడం, నోట్లో తెల్లని మచ్చలు, ఈకలు వెలిసిపోవడం దాని గుర్తులు. తోక పైకీ కిందికీ ఊగుతూ ఊపిరి పీలుస్తుంటే, ఈకలు ఉబ్బించుకుని పంజరం అడుగున కూర్చుంటే ఆలస్యం చేయరాదు. పక్షి తన జబ్బును చివరిదాకా దాచుకుంటుంది. అది బయటపడిన రోజే పశువైద్యునికి చూపించాలి.

ముందు చట్టం తెలియాలి

తిండి సంగతి చెప్పుకునే ముందు ఇంకొక మాట ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన అడవి చిలకలను పట్టడం, అమ్మడం, కొనడం, పంజరంలో ఉంచడం నేరం. జైలు, జరిమానా రెండూ ఉన్నాయి. తరతరాలుగా పెంచుతున్నామన్నా, గూటి నుంచి పడిన పిల్లను సాకామన్నా చట్టం ఒప్పుకోదు. కార్డు తీసి గింజ అందుకునే జోస్యం చిలకకూ ఇదే వర్తిస్తుంది. పైగా 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రామచిలుకనే రాష్ట్ర పక్షిగా ప్రకటించింది. రాష్ట్రానికి గుర్తుగా నిలిచిన పక్షి ఇనుప చువ్వల వెనక ఉండడం న్యాయమేనా అన్నది ఎవరికి వారు ఆలోచించుకోవలసిన విషయం.

చట్టం రాకముందే మన పెద్దలు ఈ మాట చెప్పారు. పూర్వజన్మలో చిలకను పంజరంలో బంధించిన పాపానికే భద్రాచల రామదాసు పన్నెండేళ్ళు చెరలో మగ్గాడని కథగా చెప్పుకుంటారు. ఆ కథ విన్న ఇళ్ళలోనే పంజరాలు వేలాడుతుండటం వింత.

అలాగని ఇవాళే తలుపు తీసి వదిలేయడమూ దయ కాదు. పసితనం నుంచి పంజరంలో పెరిగిన చిలకకు తిండి వెతుక్కోవడం రాదు. కాకి తరిమితే తప్పించుకోవడం తెలియదు. అటవీ శాఖవారికి అప్పగిస్తే దానికి ఎగరడం అలవాటుచేసి విడిచే అవకాశం ఉంటుంది. తొర్రలోనుంచి పడిన పిల్ల దొరికితే అదే తొర్రలో తిరిగి పెట్టడం ఉత్తమం. మనిషి ముట్టుకుంటే తల్లి చేరనివ్వదన్న మాట నిజం కాదు.

బడ్జీలు, కాకటీల్ వంటి విదేశీ జాతులను పెంచడానికి అభ్యంతరం లేదు. ఆఫ్రికా బూడిదరంగు చిలక వంటి కొన్ని జాతులకు మాత్రం 2024 నాటి నిబంధనల ప్రకారం ప్రభుత్వం వద్ద నమోదు తప్పనిసరి. అటువంటి పక్షులున్నవారికీ, అప్పగించేదాకా చిలకను కాపాడవలసినవారికీ ఈ కింది మాటలు ఉపయోగిస్తాయి.

మన చేలోనే ఉంది మందు

చిలక తిండికి పట్నం పోనక్కరలేదు. విదేశాల్లో పక్షుల దుకాణాలవారు కంకితో సహా అమ్మే ముఖ్యమైన ధాన్యం ఏదో కాదు, మన కొర్ర. ఒకప్పుడు సీమలో ఇంటింటా వండిన కొర్ర. నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం సూర్యనంది వంటి మేలురకాలను విడుదల చేసింది. ఒక కొర్ర కంకిని పంజరంలో వేలాడదీస్తే చిలక గంటసేపు గింజా గింజా ఒలుచుకుంటుంది. దానికి కడుపూ నిండుతుంది, పొద్దూ పోతుంది. కొర్రలతోపాటు జొన్నలు, సజ్జలు, వడ్లు కలిపి పెట్టవచ్చు.

రామచిలుక బరువు సుమారు 120 గ్రాములు. అంత చిన్న ప్రాణికి గింజలు కొద్దిగా చాలు. మిగతా భాగం ఆకు, కాయ, పండు కావాలి. మునగాకు, తోటకూర, కొత్తిమీర రోజుకొకటి మార్చి పెట్టాలి. మునగాకులో ఎ విటమినూ ఉంది, సున్నమూ ఉంది. గుమ్మడి, క్యారెట్, పండుమిరప, బెండ, సొరకాయ పచ్చిగానే తింటుంది. జామ, బొప్పాయి, మామిడి, దానిమ్మ కొంచెం కొంచెంగా ఇవ్వాలి. నానబెట్టి మొలకెత్తించిన పెసలు, శనగలు వారానికి రెండు మూడుసార్లు పెడితే బలం. గింజలకే అలవాటుపడిన చిలక మొదట ఆకును ముట్టదు. విసుగుపడక రోజూ పెడుతూ, గింజలు మెల్లగా తగ్గిస్తూ రావాలి. ఒక్కసారిగా గింజ మానిపిస్తే పస్తుండి చనిపోగలదు.

ఉప్పు, నూనె, తీపి వేసిన మన తిళ్ళు పెట్టరాదు. టీ, కాఫీ, చాక్లెట్, సారా విషంతో సమానం. బటర్‌ఫ్రూట్ అనే అవకాడో ప్రాణం తీస్తుంది. ఉల్లి, వెల్లుల్లి కూడా దూరం. పాలు పక్షికి అరగవు. ఆపిల్ గింజలు తీసేయాలి. పురుగుమందు కొట్టిన చేను నుంచి తెచ్చిన కూర గాని కాయ గాని బాగా కడగందే పెట్టకూడదు.

నీళ్ళు పూటపూటకూ మార్చాలి. తిన్న పండు ముక్కలు గిన్నెలో పులిసిపోకముందే తీసేయాలి. ఎండాకాలం వెడల్పు గిన్నెలో నీళ్ళు పెడితే అదే స్నానం చేస్తుంది.

ఇవన్నీ చేసినా ఎగిరే చిలకకు ఉన్న ఆరోగ్యం పంజరం చిలకకు రాదు. చిలకల మీద ప్రేమ తీరనివారికి ఇంకో దారి ఉంది. దొడ్లో ఒక జామచెట్టు, చూరుకు నాలుగు కంకుల కుచ్చు, గోడమీద మూకుడుతో నీళ్ళు. ముందు పిచ్చుకలు వస్తాయి, తరువాత చిలకలూ వస్తాయి. తాళం వేయనవసరం లేదు. తిండి బాగుంటే మరునాడు మళ్ళీ అవే వస్తాయి.