రాజీనామాకు తగిన వేళ

పట్టా చేతికి వచ్చిన నాటి నుండి మన విద్యార్థుల చింత అంతయు ఉద్యోగము ఎట్లు సంపాదించుట అన్నదే. దరఖాస్తు వ్రాయుట, ఇంటర్వ్యూలో మాటలాడుట నేర్పువారు ఎందరో కలరు. చేరిన ఉద్యోగమును ఎప్పుడు, ఏ రీతిగా విడువవలెనో చెప్పువారు మాత్రము అరుదు. ఆ విషయమునే ఈ వ్యాసమున ముచ్చటింపదలచినాము.

ముందుగా పదమును గూర్చి ఒక మాట. రాజీనామా పారసీకము ద్వారా మనకు వచ్చిన పదము. 'రాజీ' అనగా సమ్మతి. 'నామా' అనగా పత్రము. ఉర్దూలో నేటికిని రాజీనామా అనగా ఇరుపక్షములు కుదుర్చుకొను ఒడంబడికయే. కొలువు వదలుటను 'ఇస్తీఫా' అందురు. మన కళాశాల వరండాలో ఈ రెండు పదములును పక్కపక్కనే వినిపించుచుండును. పాత యజమాని, కొత్త యజమాని, ఉద్యోగి ముగ్గురును సమ్మతించిన దినమున ఇచ్చిన రాజీనామాయే పేరుకు తగిన రాజీనామా అని మా అభిప్రాయము.

కొన్ని ఏండ్ల క్రిందట మా పూర్వ విద్యార్థి ఒకడు ఒక ప్రైవేటు సంస్థలో గుమాస్తాగా ఉండెను. తండ్రి దర్జీ, ఇంట పెండ్లికి ఎదిగిన చెల్లెలు. మరియొక సంస్థవారు ఇంటర్వ్యూ చేసి, "మీరు ఎంపికైనట్లే, అక్కడ చెప్పి వచ్చేయండి" అని ఫోనులో చెప్పిరి. ఆ సాయంకాలమే అతడు రాజీనామా ఇచ్చెను. పాత సంస్థవారు మరునాడే ఆమోదించి, అతని స్థానమున వేరొకరిని నియమించిరి. మూడు వారముల తరువాత కొత్త సంస్థవారు ఆ నియామకమును నిలిపివేసితిమని ఒక చిన్న సందేశము పంపిరి. అతడు మా వద్దకు వచ్చి, "సార్, వాళ్ళు మాట ఇచ్చారు గదా!" అన్నాడు. మాట నిజమే; కాగితము లేదు. ఏడు నెలలు ఆ ఇల్లు దర్జీ మిషను మీదనే నడిచెను. మబ్బులలో నీళ్ళు చూసి ముంత ఒలకబోసుకున్నట్లు అని మన పెద్దలు ఊరక అనలేదు.

కావున మొదటి సూత్రము: కాగితము రానిదే కలము తీయరాదు. 1872 నాటి భారత ఒప్పందముల చట్టము ప్రకారము ప్రతిపాదన చేసినవారు, దానికి అంగీకారము సంపూర్ణము కాకముందు దానిని ఉపసంహరించుకొనవచ్చును. కనుక ఆఫర్ లేఖ అందగానే హోదా, వేతనము, పనిచేయు స్థలము, చేరవలసిన తేదీ ఉన్నవో లేవో చూచి, అంగీకారమును వ్రాతపూర్వకముగా పంపవలెను. అంతటితో చాలదు. అనేక లేఖలయందు "ధ్రువపత్రముల పరిశీలనకు లోబడి", "వైద్య పరీక్షకు లోబడి" అను షరతులు ఉండును. అవి తీరునంతవరకు అది సగము ఉద్యోగమే. అవి తీరినట్లు కొత్తవారి నుండి మరల వ్రాతలో పొందినప్పుడే రాజీనామాకు వేళయైనదని గ్రహింపవలెను. కొత్త సంస్థ మాట తప్పినచో, న్యాయస్థానము సాధారణముగా ప్రైవేటు కొలువును బలవంతముగా ఇప్పించదు. నష్టపరిహారము కోరుటయే మిగులును. దానికి పట్టు కాలము పేద ఇంటికి భరింపరానిది.

రెండవ సూత్రము: దినములను వెనుకనుండి లెక్కింపవలెను. మీ పాత నియామక పత్రమున నోటీసు గడువు 60 దినములని ఉన్నదనుకొందము. జూన్ 1న ఇచ్చిన నోటీసును మరునాటి నుండి లెక్కించినచో జూలై 31తో 60 దినములు నిండును; ఆగస్టు 1న కొత్త చోట చేరవచ్చును. కొత్తవారు 30 దినములలోనే రమ్మనినచో, రాజీనామా ఇచ్చుటకు ముందే వారితో తేదీ మార్పించుకొనవలెను. ఇచ్చిన తరువాత బేరమాడు బలము మీకుండదు. మిగిలిన గడువునకు వేతనము చెల్లించి వెళ్ళు వీలు కొన్ని సంస్థలయందు కలదు. అది మీ పత్రమున వ్రాయబడినదో లేదో చూడవలెను. తోటివారి మాటను నమ్మరాదు.

బాండు వ్రాసి చేరినవారు మరింత జాగరూకులై ఉండవలెను. కనీసము 3 ఏండ్లు పనిచేయవలెను, లేనిచో 2 లక్షల రూపాయలు చెల్లింపవలెను అని ఒక ప్రభుత్వరంగ బ్యాంకు పెట్టిన షరతు చెల్లునని సుప్రీం కోర్టు 2025 మే నెలలో తీర్పు చెప్పినది. చేరునాడు చదువకుండ చేసిన సంతకము వదలునాడు ఎదురై నిలుచును.

ప్రభుత్వోద్యోగమున నున్నవారు మరియొక ప్రభుత్వోద్యోగమునకు పోదలచినచో, దరఖాస్తును పై అధికారి ద్వారా పంపవలెను. కేంద్ర ప్రభుత్వ సేవలో ఇట్లు అనుమతితో చేసినదానిని సాంకేతిక రాజీనామా అందురు. నిలువయున్న సెలవులు, వేతన రక్షణ వంటి ప్రయోజనములు కొత్త కొలువునకు వెంటవచ్చును. చెప్పకుండ పరీక్ష వ్రాసి, ఎంపికైన తరువాత మామూలు రాజీనామా ఇచ్చువారు వీనిని చేజేతుల పోగొట్టుకొందురు.

ఇచ్చిన రాజీనామాను తిరిగి తీసుకొనవచ్చునా? అలహాబాదు హైకోర్టు న్యాయమూర్తి సతీశ్ చంద్ర 1977 మే 7న రాజీనామా వ్రాసి, అది ఆగస్టు 1 నుండి అమలగునని పేర్కొనిరి; జూలై 15న ఉపసంహరించుకొనిరి. అమలు తేదీ రాకముందు చేసిన ఈ ఉపసంహరణ చెల్లునని 1978లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పినది. కనుక లేఖయందు "తక్షణమే" అను మాట వ్రాయక, ఫలానా తేదీ నుండి అని వ్రాయుట మేలు. అయితే ప్రైవేటు కొలువులయందు ఒప్పందపు షరతులే ముఖ్యము గనుక దీనినే నమ్ముకొని తొందరపడరాదు.

డబ్బు లెక్కయు చూడవలెను. శాశ్వతోద్యోగికి గ్రాట్యుటీ రావలెనన్నచో సాధారణముగా 5 ఏండ్ల నిరంతర సేవ కావలెను. 1972 నాటి గ్రాట్యుటీ చట్టమునకు బదులుగా 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చినను, ఈ నియమము నిలిచియున్నది. ఏడాదికి 15 దినముల వేతనము, నెలకు 26 పనిదినముల చొప్పున లెక్క. లెక్కకు వచ్చు నెలవేతనము 26,000 రూపాయలైనచో ఏడాదికి 15,000. 5 ఏండ్లకు 75,000. నాలుగున్నర ఏండ్లకే వెళ్ళువాడు, కొత్త జీతములోని పెరుగుదల ఈ నష్టమును పూడ్చునా అని కాగితము మీద వేసి చూడవలెను. ప్రావిడెంట్ ఫండును తీసివేయక కొత్త ఖాతాకు మార్పించుకొనుట ఉత్తమము. పింఛనుకు 10 ఏండ్ల సేవ కావలెను. సొమ్ము తీసుకొనినచో ఆ లెక్క తెగిపోవచ్చును.

ఇక మర్యాద విషయము. ఏరు దాటిన తరువాత ఓడ మల్లయ్యను బోడి మల్లయ్య అనుట మనకు తగదు. వార్త తోటివారి ద్వారా కాక, మీ నోటనే ముందుగా పై అధికారికి తెలియవలెను. లేఖ నాలుగు పంక్తులు చాలును, ఫిర్యాదులు వలదు. చేతిలోని పనిని వ్రాసి అప్పగించి, విడుదల పత్రమును పొంది కదలవలెను. ఆ పత్రము లేక కొత్త చోట చిక్కులు పడినవారిని మేము ఎరుగుదుము.

ఈ మాటలు చెప్పు అర్హత మాకు పూర్తిగా కలదని అనుకొనుట లేదు. ఈ కళాశాలకు రాకముందు మేము ఒక జూనియర్ కళాశాలలో బోధించితిమి. ఉత్తరువు అందిన ఉత్సాహమున, వార్షిక పరీక్షలు ఆరు వారములలో ఉండగా వెళ్ళిపోతిమి. చేరుటకు గడువు అడిగియున్నచో ఇక్కడివారు ఇచ్చెడివారని తరువాత తెలిసినది. మేము అడుగనే లేదు. ఆ ఏడు ఆ తరగతి పిల్లలు ఛందస్సు పాఠము చెప్పువారు లేక పరీక్షకు కూర్చుండిరి. చట్టము ప్రకారము మా తప్పు ఏమియు లేదు. అయినను అందులో ఒక బాలుడు నేడు బజారున ఎదురై "బాగున్నారా సార్" అని పలుకరించినప్పుడు మేము తల వంచుకొనుచున్నాము.

కావున విద్యార్థులారా! కొత్త కొలువు కాగితము చేతికి వచ్చిన రాత్రి రాజీనామా వ్రాయకుడు. ఆ కాగితమును, పాత నియామక పత్రమును పక్కపక్కన పెట్టి చదువుడు. ఇంటివారితో ఆలోచింపుడు. మరునాడు వ్రాయుడు.

కళాశాల కమిటీవారికి ఒక విన్నపము. తుది సంవత్సరపు విద్యార్థులకు ఏడాదికి ఒక గంట, నియామక పత్రమును చదువుట నేర్పు ఏర్పాటు చేయగోరుచున్నాము. దానికి వ్యయము ఏమియు లేదు. అట్టి గంట ముందే ఉండియున్నచో, ఆ దర్జీ కొడుకు ఆ సాయంకాలము కలము మూసి జేబులో పెట్టుకొనెడివాడేమో!