కిలోమీటర్ల లెక్కలో తేడా: పట్టుకునే సూత్రం కోల్‌కతాలోనే పుట్టింది

సెకండ్ హ్యాండ్ కారు కొనేవారి చూపు మొదట పడేది ఓడోమీటర్ మీదే. ఇంజిన్ ఆయిల్ ఎప్పుడు మార్చాలి, బ్రేకులు ఎప్పుడు చూపించాలి, అద్దె కారుకు ఎంత బిల్లు కట్టాలి అన్నవి కూడా ఆ అంకెలను బట్టే తేలుతాయి. బండి అమ్మేవాడికి కిలోమీటర్లు తక్కువ కనిపిస్తే లాభం. కిలోమీటరుకు ఇంత అని అద్దెకు తిప్పేవాడికి ఎక్కువ కనిపిస్తే లాభం. అమెరికా జాతీయ రహదారి భద్రతా సంస్థ అంచనా ప్రకారం ఆ ఒక్క దేశంలోనే ఏటా 4.5 లక్షలకు పైగా వాహనాలు తప్పుడు రీడింగుతో చేతులు మారుతున్నాయి.

పాత బండ్లలో గేర్‌బాక్స్ నుంచి వచ్చే కేబుల్ ఒకటి అంకెల చక్రాలను తిప్పేది. దాన్ని ఊడదీస్తే మీటర్ ఆగిపోయేది. ఇప్పటి బండ్లలో సెన్సర్ పంపే సంకేతాలను లెక్కించి, మొత్తాన్ని డ్యాష్‌బోర్డు లోపలి మెమరీ చిప్‌లో దాస్తారు. ఎలక్ట్రానిక్ మీటరును మార్చడం కష్టమని చాలామంది అనుకుంటారు. నిజానికి తగిన పరికరం చేతిలో ఉంటే స్క్రూడ్రైవర్ పట్టకుండానే అంకె మార్చేయవచ్చు.

కోల్‌కతాలో సరుకులు చేరవేసే ఒక సంస్థకు ఒకే మోడల్ వ్యాన్లు నలభై ఉన్నాయనుకుందాం. రోజూ రాత్రి డ్రైవర్లు లాగ్‌బుక్‌లో రీడింగ్ రాస్తారు. నిన్నటికంటే నేటి అంకె తగ్గితే ఏదో తేడా ఉన్నట్టే. కానీ అది మోసమేనా? చెడిపోయిన మీటర్ తీసి కొత్తది బిగించి ఉండవచ్చు. ఐదంకెల పాత మీటరైతే 99,999 దాటి మళ్లీ సున్నాకు వచ్చి ఉండవచ్చు. 48,732 రాయబోయి 48,372 అని రాసి ఉండవచ్చు. ఈ చివరిదాన్ని గుర్తించడానికి ఒక చిట్కా ఉంది. పక్కపక్క అంకెలు తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడూ 9తో భాగించబడుతుంది. ఇక్కడ తేడా 360, అంటే 9 నలభైలు. జమాఖర్చులు రాసేవారికి ఇది పాత సంగతే.

ఎవరూ చేయి పెట్టకపోయినా ఓడోమీటర్ నూటికి నూరు పాళ్లు నిజం చెప్పదు. అది దూరాన్ని కొలవదు, చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కిస్తుంది. కొత్త టైరుపై గాళ్ల లోతు సుమారు 8 మిల్లీమీటర్లు, టైరు మార్చాల్సిన హద్దు 1.6 మిల్లీమీటర్లు. చక్రం వ్యాసార్ధం 300 మిల్లీమీటర్లు అనుకుంటే, టైరు పూర్తిగా అరిగేసరికి అది 2 శాతానికి పైగా తగ్గుతుంది. అంతే దూరానికి చక్రం ఎక్కువ చుట్లు తిరగాలి. అరిగిన టైర్లతో 5,000 కిలోమీటర్లు నడిస్తే మీటరులో వంద కిలోమీటర్లకు పైనే అదనంగా కనిపిస్తుంది. దానికి డ్రైవర్ని నిలదీస్తే అన్యాయమే.

మరి జీపీఎస్‌తో సరిచూడవచ్చు కదా? చూడవచ్చు, అయితే దానికీ ఒక బలహీనత ఉంది. ముప్పై సెకన్లకోసారి మాత్రమే స్థానాన్ని నమోదు చేసే పరికరం ఆ చుక్కలను సరళరేఖలతో కలుపుతుంది. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్లే వ్యాన్ ఆలోగా 160 మీటర్లకు పైగా పోతుంది. న్యూ టౌన్ వైపు తిన్నని రోడ్లపై ఇబ్బంది లేదు. బాగ్‌బజార్, శోభాబజార్ సందుల్లో మాత్రం మధ్యలో తిరిగిన మలుపులన్నీ లెక్కలోంచి జారిపోతాయి. బండి ఆగి ఉన్నప్పుడు ఇందుకు విరుద్ధం. స్థానం కొద్ది మీటర్లు అటూ ఇటూ ఊగి, లేని దూరాన్ని కలుపుతుంది.

కాబట్టి ఏ ఒక్క అంకెనూ ఒంటరిగా నమ్మలేం. అన్నింటినీ కలిపి చూడాలి. ఎలా కలపాలన్నదే అసలు చిక్కు.

మన వ్యాన్లు రోజుకు సగటున 80 కిలోమీటర్లు తిరిగి 8 లీటర్లు తాగుతాయనుకుందాం. ఎక్కువ రోజుల్లో దూరం 40 నుంచి 120 కిలోమీటర్ల మధ్య, ఇంధనం 4 నుంచి 12 లీటర్ల మధ్య ఉంటుంది. ఒక రోజు మొదటి వ్యాన్ 110 కిలోమీటర్లు తిరిగి 11 లీటర్లు తాగింది. రెండోది 50 కిలోమీటర్లకు 10.5 లీటర్లు తాగింది. విడివిడిగా చూస్తే నాలుగు అంకెలూ హద్దుల్లోనే ఉన్నాయి. సగటు నుంచి ఎంత జరిగాయో మామూలుగా కొలిస్తే రెండో వ్యానే సగటుకు కాస్త దగ్గర! అయినా దాన్నే అనుమానించాలని పెట్రోలు పోయించిన ఎవరికైనా తెలుస్తుంది. దూరం పెరిగితే ఇంధనం పెరగాలి, తగ్గితే తగ్గాలి. ఆ జోడీ ఇక్కడ తెగిపోయింది.

ఈ లోకజ్ఞానాన్ని గణిత సూత్రంగా మలచినది కోల్‌కతాకు చెందిన ప్రశాంత చంద్ర మహలనోబిస్. 1920లో నాగపూర్ సైన్స్ కాంగ్రెస్‌లో జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా అధిపతి నెల్సన్ అనండేల్ ఆయనకు కలిశారు. కోల్‌కతాలోని ఆంగ్లో ఇండియన్ల శరీర కొలతలను విశ్లేషించమని కోరారు. ఎత్తు, తల పొడవు, ముక్కు వెడల్పు వంటి కొలతలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. వాటిని ఊరికే కూడితే ఒకే విషయాన్ని రెండుసార్లు లెక్కించినట్టవుతుంది. ఆ ముడిని లెక్కలోకి తీసుకుని, రెండు సమూహాల మధ్య దూరాన్ని కొలిచే సూత్రాన్ని ఆయన 1936లో ప్రకటించారు. దాన్నే మహలనోబిస్ దూరం అంటున్నాం. 1931లో ఆయన స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ నేటికీ బారానగర్‌లో ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు 1941లో అక్కడే చేరారు. సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాల్లో దొరికిన అస్థిపంజరాల కొలతలను 1946 తర్వాత కేంబ్రిడ్జిలో ఆయన ఇదే పద్ధతితో విశ్లేషించారు.

మన వ్యాన్లకు ఆ సూత్రాన్ని అన్వయిద్దాం. ప్రామాణిక విచలనం దూరానికి 20 కిలోమీటర్లు, ఇంధనానికి 2 లీటర్లు, రెండింటి మధ్య సహసంబంధం 0.95 అనుకుంటే, మొదటి వ్యాన్ మహలనోబిస్ దూరం సుమారు 1.5. రెండోది 8.7! మైళ్లలో కొలిచినా, గ్యాలన్లలో కొలిచినా ఈ అంకెలు మారవు.

అయితే 8.7 రాగానే డ్రైవర్ జీతం కోసేయడమేనా? మీటర్ కనెక్షన్ ఊడదీసి బండి నడిపినా ఇలాగే వస్తుంది, పెట్రోలు దొంగిలించినా వస్తుంది. దుర్గాపూజ సప్తమినాడు మండపాల మధ్య ఐదారు గంటలు ఇరుక్కుపోయినా ఇదే అంకె వస్తుంది. ఏసీ వేసి నిలిపి ఉంచిన బండి గంటకు దాదాపు లీటరు తాగేస్తుంది. 50 కిలోమీటర్లకు 5 లీటర్లు, ఐదున్నర గంటల నిరీక్షణకు మరో 5.5 లీటర్లు: లెక్క సరిపోయింది. అందుకే ఇంజిన్ నడిచిన గంటలను మూడో కొలతగా చేర్చాలి. అప్పుడు పూజ రోజుల్లో చిక్కుకున్న వ్యాన్ అనుమానం నుంచి బయటపడుతుంది, దొంగలెక్కల వ్యాన్ దొరుకుతుంది. కొలత ఒకటి తక్కువైతే నిర్దోషి దోషి అవుతాడు. 

ఇంకో చిక్కూ ఉంది. నలభైలో పది వ్యాన్లు తప్పుడు లెక్కలు చూపిస్తుంటే సగటే చెడిపోతుంది, దొంగలెక్క మామూలు లెక్కలా కనిపిస్తుంది. అందుకే విపరీతమైన విలువల ప్రభావం పడని పద్ధతుల్లో సగటును, సహసంబంధాన్ని లెక్కగడతారు. లాగ్‌బుక్ చివరి అంకెలనూ గమనిస్తారు. నిజమైన రీడింగుల్లో 0 నుంచి 9 వరకు అన్నీ ఇంచుమించు సమానంగా రావాలి. కూర్చుని ఊహించి రాసినవాటిలో 0, 5 ఎక్కువ కనిపిస్తాయి. కల్పించిన లెక్కలు ఎలా బయటపడతాయో 1941లోనే రాసిన జె.బి.ఎస్. హాల్డేన్ కూడా 1957లో కోల్‌కతా వచ్చి ఈ సంస్థలోనే చేరారు.

ఇంత చేశాక కంప్యూటర్ చేతికిచ్చేది దోషుల పేర్లు కాదు, ముందుగా తనిఖీ చేయాల్సిన బండ్ల జాబితా. ఆ తర్వాతి పని మెకానిక్‌ది. కొన్ని మోడళ్లలో కిలోమీటర్ల లెక్క డ్యాష్‌బోర్డుతో పాటు ఇతర నియంత్రణ యూనిట్లలోనూ నిల్వ ఉంటుంది. వాటిని, సర్వీసు రికార్డులను, టైర్ల అరుగుదలను పక్కపక్కన పెట్టి చూసి, డ్రైవర్ చెప్పేది కూడా విన్న తర్వాతే ఏదైనా తేల్చాలి.