ధమనులు ఎందుకు గట్టిపడతాయి?

మీ ఎడమ మణికట్టు మీద, బొటనవేలి మొదలుకు కొంచెం కిందుగా, కుడిచేతి వేళ్లు రెండు ఆనించి చూడండి. టక్ టక్‌మని తగిలేదే నాడి. గుండె అప్పుడే పంపిన రక్తం వచ్చి వేలిని తట్టిందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ రక్తం ఇంకా దారిలోనే ఉంటుంది. వేలికి తగిలేది ఒక అల.

అదెలాగంటారా? సాయంకాలం దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు కోసం జనం ఒకరి వెనక ఒకరు ఆనుకొని నిలబడ్డారనుకోండి. వెనక ఉన్నవాడు ఒక్క తోపు తోస్తే అది క్షణంలో ముందున్నవాడిని చేరుతుంది. తోసినవాడు మాత్రం దాదాపు ఉన్నచోటే ఉంటాడు. రక్తనాళాల్లోనూ అంతే. గుండె నుంచి బయలుదేరే బృహద్ధమనిలో రక్తం సగటున సెకనుకు 20 సెంటీమీటర్లు కదిలితే, నాడి అల ఆరోగ్యవంతులైన యువకుల్లో సెకనుకు 5, 6 మీటర్లు పరుగెడుతుంది.

ఈ అల వేగం ధమని గోడను బట్టి మారుతుంది. ధమని ఇనుపగొట్టం కాదు, రబ్బరు గొట్టం వంటిది. గుండె ఒక్కసారి ముడుచుకుంటే సుమారు 70 మిల్లీలీటర్ల రక్తం బయటికి వస్తుంది. అప్పుడు ధమని ఉబ్బి అందులో కొంత దాచుకుంటుంది. గుండె సడలగానే ధమని ముడుచుకొని, దాచిన రక్తాన్ని ముందుకు నెడుతుంది. గుండె ఆగి ఆగి కొట్టుకుంటున్నా సన్నని కేశనాళికల్లో రక్తం ఆగకుండా పారేది ఇందువల్లనే. ఇంగ్లండులో స్టీఫెన్ హేల్స్ 1733లోనే ధమనిని ఆనాటి అగ్నిమాపక యంత్రంలోని గాలి గదితో పోల్చాడు. ఆ గది కూడా ఆగి ఆగి వచ్చే నీటిని ఎడతెగని ధారగా మార్చేది.

గోడ గట్టిపడే కొద్దీ అల వేగం పెరుగుతుంది. 1878లో డచ్చి శాస్త్రజ్ఞులు మోయెన్స్, కోర్టెవెగ్ ఈ సంబంధాన్ని లెక్కల్లో చూపారు. అందుకే వైద్యులు మెడ దగ్గర, తొడ మొదట్లో నాడిని పట్టి, మధ్య దూరాన్ని అల తీసుకున్న కాలంతో భాగించి ధమని గట్టిదనాన్ని కొలుస్తారు. వేగం సెకనుకు 10 మీటర్లు దాటితే జాగ్రత్తపడాలంటారు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ సుమారు 4 కిలోమీటర్లు. సెకనుకు 5 మీటర్లంటే గంటకు 18 కిలోమీటర్లు, అంటే సైకిలు వేగం. అలా వెళితే 13 నిమిషాలు పడుతుంది. సెకనుకు 10 మీటర్లంటే గంటకు 36 కిలోమీటర్లు, ఖాళీ రోడ్డు మీద సిటీబస్సు వేగం. 7 నిమిషాలలోపే చేరుతుంది. రోడ్డు మీద బస్సు మేలు కావచ్చు కాని, ధమనిలో సైకిలే మేలు!

వేగం పెరిగితే నష్టమేమిటి? నాళాలు చీలేచోట్ల అల కొంత వెనక్కి మళ్లుతుంది. మెత్తని ధమనిలో అది తీరిగ్గా తిరిగి వస్తుంది. గట్టి ధమనిలో, గుండె ఇంకా రక్తాన్ని నెడుతూ ఉండగానే ఎదురు వస్తుంది. గుండె ఎక్కువ బలంతో పనిచేయవలసి వస్తుంది. మెదడులో, మూత్రపిండాల్లో ఉండే సున్నితమైన నాళాలకు దెబ్బ తగులుతుంది.

ధమని గోడలో రెండు రకాల పోగులున్నాయి. ఎలాస్టిన్ పోగులు సాగి మళ్లీ ముడుచుకుంటాయి. కొల్లాజెన్ పోగులు గట్టివి, సాగవు. వయసు పెరిగే కొద్దీ ఎలాస్టిన్ తెగిపోతుంది, కొల్లాజెన్ పెరుగుతుంది. రక్తంలో చక్కెర ఎక్కువైతే అది కొల్లాజెన్‌కు అంటుకొని పోగులను ఒకదానితో ఒకటి బిగిస్తుంది. ఎలాస్టిన్‌లో ఎక్కువ భాగం తల్లి కడుపులోనూ, పసితనంలోనూ తయారవుతుంది. ఆ తరువాత కొత్తది చాలా తక్కువ. అప్పుడు దొరికిన దానితోనే జీవితమంతా గడపాలి.

మరి ఆ తొలి సంవత్సరాల తిండికి, ధమనికి సంబంధం ఉందా? ఈ ప్రశ్నకు జవాబు వెదికిన చోటు మనకు దూరమేమీ కాదు. ఎల్.బి.నగర్ ఉన్న రంగారెడ్డి జిల్లాలోనే, హైదరాబాదుకు దగ్గరలో ఉన్న 29 పల్లెల్లో 1987 నుంచి 1990 వరకు ఒక పరిశీలన జరిగింది. అప్పట్లో అంగన్‌వాడీ పథకం విడతలవారీగా విస్తరిస్తూ ఉండేది. పథకం చేరిన 15 పల్లెల్లో గర్భిణులకు, 6 ఏళ్లలోపు పిల్లలకు రోజూ మాంసకృత్తులు, శక్తి తగుపాళ్లలో ఉన్న ఆహారం అందించారు. మిగిలిన 14 పల్లెలకు పథకం ఇంకా చేరలేదు.

ఆ కాలంలో పుట్టిన పిల్లలను తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 2003 నుంచి 2005 వరకు మళ్లీ పరీక్షించారు. 13 నుంచి 18 ఏళ్ల వయసున్న 1,165 మంది, అంటే మీ ఈడువారే! డాక్టర్ సంజయ్ కిన్రా, డాక్టర్ కె.వి.రామేశ్వర శర్మ, వారి సహచరులు ఈ ఫలితాలను 2008లో ప్రకటించారు.

ఆహారం అందిన పల్లెల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవున్నారు. వారి ధమనుల గట్టిదనం సూచిక 3.3 శాతం తక్కువ. రక్తం కూడా ఇదే చెప్పింది. క్లోమగ్రంథి చేసే ఇన్సులిన్, కణాలలోకి చక్కెర వెళ్లడానికి తోడ్పడుతుంది. కణాలు దాని మాట వినకపోతే గ్రంథి మరింత ఇన్సులిన్ చేస్తుంది. పరగడుపున తీసిన రక్తంలో చక్కెర, ఇన్సులిన్ కొలిచి ఈ మొండితనాన్ని లెక్కకడతారు. ఆ పిల్లల్లో అది 20 శాతం తక్కువ.

గమనించవలసిన విషయం మరొకటి ఉంది. రక్తపోటులో, రక్తంలోని కొవ్వులలో రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మనం సాధారణంగా చేయించుకునే పరీక్షలు ఏమీ చెప్పని వయసులోనే ధమని గోడ, ఇన్సులిన్ తేడా చూపించాయన్నమాట. అయితే పల్లెలను చీటీలు వేసి ఎంచలేదు కనుక, ఈ తేడా అంతా తిండి వల్లనే అని ఖాయంగా చెప్పలేం. అందుకే ఇటువంటి పరిశీలనలు ఇంకా అవసరం.

మీరిప్పుడు ధమని పరీక్షల కోసం పరుగెత్తనక్కరలేదు. పసితనం మన చేతిలో లేకపోయినా, మిగిలిన వయసు మన చేతిలోనే ఉంది. పొగ తాగడం, కదలకుండా కూర్చోవడం, అధిక రక్తపోటు, మధుమేహం ధమనులను తొందరగా గట్టిపరుస్తాయి. ఉప్పు రోజుకు 5 గ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పచ్చళ్లు, చిరుతిళ్లలోని ఉప్పు కూడా ఈ లెక్కలోదే. ఆటలు, నడక, సైకిలు ధమనులకు మేలు చేస్తాయి. ఇక ఇంట్లో అక్కయ్యో వదినో గర్భవతి అయితే, ఆమెకు పప్పు, గుడ్డు, పాలు, ఆకుకూర వేళకు అందుతున్నాయో లేదో చూడండి. పుట్టబోయే బిడ్డ ధమనిలో ఎలాస్టిన్ పోగులు అల్లుకునేది ఆ నెలల్లోనే.