భారత్–జపాన్ మైత్రి: గౌరవమే పునాది

రెండు దేశాల మధ్య ఒప్పందాలు ఎన్ని కుదిరినా వాటిని నిలబెట్టేది పరస్పర విశ్వాసమే. ఆ విశ్వాసం ఒక దేశం కష్టకాలంలో ఉన్నప్పుడు మరొక దేశం దానితో మెలిగిన తీరును బట్టి ఏర్పడుతుంది. భారత్, జపాన్‌ల సంబంధం ఇందుకు చక్కని నిదర్శనం.

రెండవ ప్రపంచయుద్ధంలో ఓడిన జపాన్‌తో శాంతి ఒప్పందం కుదుర్చుకునేందుకు 1951 సెప్టెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన సమావేశానికి భారత్ హాజరు కాలేదు. ఆ ఒప్పందం జపాన్‌కు ఇతర దేశాలతో సమానమైన గౌరవస్థానాన్ని ఇవ్వడం లేదన్నది నెహ్రూ ప్రభుత్వ అభిప్రాయం. అందువల్ల భారత్ 1952 ఏప్రిల్‌లో జపాన్‌తో నేరుగా దౌత్య సంబంధాలు ఏర్పరచుకొని, అదే ఏడాది జూన్ 9న విడిగా శాంతి ఒప్పందంపై సంతకం చేసింది. ఓడిన దేశం గెలిచిన దేశాలకు చెల్లించవలసిన సొమ్మును యుద్ధ నష్టపరిహారం అంటారు. దాన్ని కోరే హక్కును భారత్ ఆ ఒప్పందంలో వదులుకుంది. అంతకు మూడేళ్ల ముందే, జపాన్ పిల్లల కోరిక మేరకు నెహ్రూ టోక్యోలోని ఉయెనో జంతుప్రదర్శనశాలకు ‘ఇందిర’ అనే ఏనుగును పంపారు.

ఈ ఆదరణను జపాన్ మరువలేదు. ఆ దేశం తన కరెన్సీలో, తక్కువ వడ్డీకి, దీర్ఘకాలానికి ఇచ్చే అభివృద్ధి రుణాలను యెన్ రుణాలు అంటారు. 1958లో వాటిలో మొట్టమొదటిది అందుకున్న దేశం భారతే. 1982లో సుజుకి సంస్థ మారుతితో చేతులు కలిపాక మన రోడ్లపైకి చిన్న కార్లు రావడమే కాక, సమయపాలన, నాణ్యత ప్రధానమైన కొత్త పని పద్ధతి కూడా మన కర్మాగారాల్లోకి వచ్చింది. విదేశీ మారకద్రవ్యం అడుగంటిన 1991లో భారత్ బంగారాన్ని తాకట్టు పెట్టినప్పుడు, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌తో పాటు బ్యాంక్ ఆఫ్ జపాన్ కూడా అప్పు ఇచ్చింది. 2002లో మొదలైన ఢిల్లీ మెట్రోకు, ఆ తరువాత హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డులో కొంత భాగానికి జపాన్ రుణమే తోడ్పడింది.

ఈ మైత్రికి గట్టి పరీక్ష 1998లో ఎదురైంది. అణుబాంబు దాడికి గురైన ఏకైక దేశమైన జపాన్, పోఖ్రాన్ అణుపరీక్షలకు నిరసనగా కొత్త రుణాలను నిలిపివేసింది. అయితే 2000లో జపాన్ ప్రధాని మోరి ఢిల్లీకి రావడంతో ఇరుపక్షాలూ మళ్లీ దగ్గరయ్యాయి. 2011లో సుంకాలను తగ్గించే సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం అమలులోకి వచ్చింది. అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందంపై సంతకం చేయని భారత్‌తో జపాన్ 2016లో పౌర అణు సహకార ఒప్పందం, అంటే విద్యుదుత్పత్తి వంటి శాంతియుత అవసరాలకు మాత్రమే పరిమితమైన ఒప్పందం, కుదుర్చుకోవడం పెరిగిన నమ్మకానికి గుర్తు.

అయినా చేయవలసింది ఎంతో ఉంది. జపాన్ నుంచి మన దిగుమతులు ఎగుమతుల కంటే చాలా ఎక్కువ. 0.1 శాతం వడ్డీకి 50 ఏళ్ల జపాన్ రుణంతో 2017లో శంకుస్థాపన జరిగిన 508 కిలోమీటర్ల ముంబయి–అహ్మదాబాద్ బుల్లెట్ రైలు మార్గం, ముఖ్యంగా మహారాష్ట్రలో భూసేకరణ జాప్యం వల్ల అనుకున్న గడువు దాటిపోయింది. రుణం ఎంత సులభమైనదైనా, దాన్ని సకాలంలో వినియోగించుకొనే సమర్థత మనమే సమకూర్చుకోవాలి.

రానున్న కాలంలో ఈ బంధానికి మనుషుల రాకపోకలే కీలకం. జపాన్‌లో ప్రతి పదిమందిలో దాదాపు ముగ్గురు 65 ఏళ్లు దాటినవారు కాగా, మన దేశంలో ఉద్యోగం కోసం చూసే యువతకు కొదవలేదు. అయిదేళ్లలో 5 లక్షల మంది పరస్పర రాకపోకలు సాగించాలని, వారిలో 50 వేల మంది నిపుణులు భారత్ నుంచి జపాన్‌కు వెళ్లాలని 2025 ఆగస్టులో రెండు దేశాలూ లక్ష్యం పెట్టుకున్నాయి. తిరుపతి జిల్లా శ్రీసిటీలో ఇసుజు వంటి జపాన్ సంస్థలు ఇప్పటికే కర్మాగారాలు నడుపుతున్నందున, ఈ అవకాశం తెలుగు యువతకు దూరమైనదేమీ కాదు. దాన్ని అందుకోవాలంటే సాంకేతిక విద్యతో పాటు జపాన్ భాషనూ శ్రద్ధగా నేర్చుకోవాలి. మన కళాశాలలు అందుకు ఇప్పుడే ఏర్పాట్లు చేయాలి.