పట్టీ లేని ద్వారబంధం

పట్టీ లేని ద్వారబంధం అనగా గోడకు, తలుపు చట్రానికి మధ్యనున్న అతుకును కప్పే అంచుపట్టీ లేకుండా, చట్రం గోడ ముఖంతో సమతలంగా కలిసిపోయేటట్లు అమర్చిన ద్వారబంధం. ఈ అంచుపట్టీని వడ్రంగులు బీడింగు అంటారు. తెలంగాణలో ద్వారబంధాన్ని దర్వాజ అని పిలుస్తారు.

రంగారెడ్డి జిల్లాలోని చేవెళ్ళ, మొయినాబాదు మండలాలు హైదరాబాదుకు పశ్చిమాన, బీజాపూరు రహదారిపై ఉన్నాయి. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాల రక్షణకై 1996లో వెలువడిన 111వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు 84 గ్రామాలలో కట్టడాలను పరిమితం చేసింది. వీటిలో ఈ రెండు మండలాల గ్రామాలు కూడా ఉన్నాయి. 2022లో మరొక ఉత్తర్వు ఆ ఆంక్షలను సడలించింది. ఇక్కడి ఫామ్‌హౌసుల వంటి విడి ఇళ్ళలో గోడను, తలుపును యజమాని తనకు నచ్చినట్లు కట్టించుకొనవచ్చును గనుక ఇటువంటి పద్ధతికి అవకాశమెక్కువ.

పట్టీ చేసే పని

పట్టీని కేవలం అలంకారమని భావించడం పొరపాటు. కొయ్య వానాకాలంలో తేమను పీల్చి ఉబ్బుతుంది, ఎండకాలంలో కుంచించుకుపోతుంది. సిమెంటు పూత అట్లు కదలదు. కాబట్టి ఆ రెండూ కలిసేచోట సన్నని పగులు ఏర్పడుట సహజం. పట్టీ ఆ పగులును కప్పుతుంది; మేస్త్రీ పనిలోని వంకరలను కూడా కప్పుతుంది. పట్టీని తీసివేసినచో ఈ రెండూ బయటపడతాయి. చూడటానికి సాదాగా ఉన్నా ఇది ఎక్కువ నైపుణ్యం కోరే పని.

దేవాలయ ద్వారాల సంప్రదాయం దీనికి పూర్తిగా భిన్నం. అక్కడ ద్వారబంధాన్ని శాఖలుగా విభజించి చెక్కుతారు. త్రిశాఖ, పంచశాఖ, సప్తశాఖ అనే పేర్లు అట్లు వచ్చినవే. 1213 నాటి రామప్ప దేవాలయంలో ద్వారపు అంచులపై కూడా శిల్పం ఉన్నది.

నిర్మాణం

నాలుగున్నర అంగుళాల ఇటుక గోడకు రెండువైపులా పూత వేస్తే మందం సుమారు ఐదున్నర అంగుళాలవుతుంది. చట్రం వెడల్పు అంతకంటె తక్కువైతే అది ఒకవైపు మాత్రమే గోడతో సమంగా నిలుస్తుంది. అందువలన కొలతలు ముందే నిర్ణయించుకొనవలెను. పూత పూర్తయిన తరువాత "పట్టీ వద్దు" అంటే, పూతను చెక్కి మళ్ళీ వేయుట తప్ప దారిలేదు.

అల్యూమినియం చట్రాన్ని పూతకు ముందే గోడకు బిగించి, దాని అంచు వరకు పూత, లప్పం వేయుట ఒక పద్ధతి. చట్రం చుట్టూ సుమారు 10 మిల్లీమీటర్ల గాడిని కావాలనే వదలుట మరొకటి. గాడి నీడలో కొయ్య కదలిక కంటికి కనబడదు. కొయ్య చట్రానికి ఈ రెండవ పద్ధతియే మేలు. మడతబందులు కూడా లోపలికి దాగే రకానివి వాడితే తలుపు గోడలో భాగంగా కనిపిస్తుంది.

చేవెళ్ళ ప్రాంతంలో నల్లరేగడి నేలలున్నాయి. ఇవి తడికి ఉబ్బి, ఎండకు బీటలు వారతాయి. పునాది తగినంత లోతుగా లేకపోతే తలుపు పై మూలల నుండి గోడలో ఏటవాలు పగుళ్ళు వస్తాయి. వాటికి గాడి గాని పట్టీ గాని మందు కాదు, పునాదినే సరిచూడవలెను.

గడప, తోరణం

సింహద్వారం విషయంలో మరొక చిక్కు ఉన్నది. ఆచారం ప్రకారం గోడలు లేవకముందే మంచిరోజు చూసి, పసుపు కుంకుమలతో పూజించి, నవధాన్యాల మూట కట్టి దర్వాజ నిలబెడతారు. ఆ తరువాత నెలల తరబడి సున్నం, సిమెంటు, పారల దెబ్బలు దానిపై పడతాయి. అట్టి చట్రానికి మచ్చలేని అంచు ఆశించుట కష్టం. కనుక సింహద్వారానికి గడపతో, పట్టీతో కూడిన కొయ్య దర్వాజనే ఉంచి, లోపలి గదులకు మాత్రమే ఈ పద్ధతి పాటించుట ఉచితం. సింహద్వారానికి కూడా కావలెనంటే, పండుగ నాడు మామిడి తోరణానికి మేకు కొట్టుటకు కొయ్య అంచు మిగలదు గనుక, పూత వేయుటకు ముందే ద్వారం పైన కొక్కేలు అమర్చుకొనవలెను.