చర్మపు రంగు కోసం సూదిమందు: వైద్యదృష్టి, ధర్మదృష్టి

మానవ చర్మానికి రంగునిచ్చే పదార్థం మెలనిన్. సూర్యరశ్మిలోని అతినీలలోహిత కిరణాల నుండి చర్మాన్ని కొంతవరకు కాపాడేదీ అదే. అది తక్కువగా ఉన్న తెల్లజాతీయులలో చర్మ కాన్సర్ అధికం. మెలనిన్‌ను తయారుచేసే కణాలలో పుట్టే కాన్సరే మెలనోమా. సకాలంలో గుర్తించకపోతే అది ఇతర అవయవాలకు వ్యాపించి ప్రాణం తీస్తుంది.

ఎండ తగలకుండానే మెలనిన్‌ను పెంచగలిగితే ఈ ముప్పు తగ్గుతుందనే సదుద్దేశంతో 1980వ దశకంలో అమెరికాలోని అరిజోనా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు పరిశోధనలు చేశారు. శరీరంలోని ఒక హార్మోనును పోలిన మెలనోటాన్-1, మెలనోటాన్-2 వాటి ఫలితమే. మొదటిది, ఎండ సోకితే తీవ్రబాధ కలిగించే ఒక అరుదైన వ్యాధికి మందుగా ఐరోపాలో 2014లోను, అమెరికాలో 2019లోను ఆమోదం పొందినది. రెండవదానికి ఆ దేశాలలో ఆమోదం లేదు. అయినా గోధుమవర్ణంపై మోజుగల పాశ్చాత్యులు దాని పొడిని చాటుగా కొని, నీటిలో కలిపి, స్వయంగా సూదితో ఎక్కించుకుంటున్నారు. బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ 2008లోనే దీనిపై హెచ్చరించినది.

ఇందులో ముప్పు మూడు విధాలు. మొదటిది, సీసాలో ఉన్నదేమిటో, ఎంత మోతాదో, అది శుభ్రమైనదో కాదో కొనేవారికి తెలియదు. రెండవది, ఈ మందు వల్ల పుట్టుమచ్చలు నల్లబడతాయి, కొత్తవి పుడతాయి. మచ్చలో మార్పే మెలనోమాకు ముఖ్య సూచన గనుక అసలు రోగాన్ని గుర్తించడం కష్టమవుతుంది. వాడినవారిలో మెలనోమా బయటపడిన సందర్భాలు వైద్య పత్రికలలో నమోదైనవి. అయితే మందే దానికి కారణమని ఇంకా రుజువు కాలేదు. మూడవది, రంగు త్వరగా రావాలని పలువురు ఎండలోను, కృత్రిమ కిరణాల పడకలపైన పడుకుంటారు. ఆ పడకలను ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సర్ పరిశోధనా విభాగం 2009లో కాన్సర్ కారకాల మొదటి శ్రేణిలో చేర్చినది.

చికిత్సను ఇస్లామ్ నిషేధించలేదు. యుద్ధంలో ముక్కు కోల్పోయిన అర్‌ఫజా (రజి) పెట్టుకున్న వెండి ముక్కు దుర్వాసన కొట్టగా, పురుషులకు బంగారం నిషిద్ధమైనప్పటికీ, బంగారు ముక్కు పెట్టుకొమ్మని దైవప్రవక్త (స) అనుమతించారు. రోగ నివారణ వేరు, అల్లాహ్ సృష్టిని వ్యామోహంతో మార్చడం వేరు. ఆ మార్పును దివ్య ఖుర్ఆన్ నిసా సూరా 119వ ఆయతు షైతాను ప్రేరణగా పేర్కొన్నది. ప్రాణరక్షణ షరీఅత్ పరమోద్దేశాలలో ఒకటి. హానిని తొలగించాలన్నది ఫిఖ్ మూలసూత్రాలలో ఒకటి. రోగం లేనిచోట తెలియని మందును శరీరమనే అమానత్‌లోకి ఎక్కించడం ఈ రెండింటికీ విరుద్ధం.

మన ప్రాంతంలో ఈ వ్యామోహం తలక్రిందులైనది. అక్కడ నల్లబడడానికి సూది, ఇక్కడ తెల్లబడడానికి సూది. వర్ణభేదాలను రూమ్ సూరా 22వ ఆయతు అల్లాహ్ సూచనలలో ఒకటిగా పేర్కొన్నది. పెండ్లి సంబంధాలలో రంగును తూచే పెద్దలు ఈ విషయం ఆలోచించాలి.

నల్లని చర్మంగలవారికీ మెలనోమా రావచ్చు. వారిలో అది తరచు అరికాలు, అరచేయి, గోటి క్రింద కనిపిస్తుంది. పెరుగుతున్న, రంగు మారుతున్న, రక్తం కారుతున్న మచ్చ ఏదైనా ఉంటే ఆలస్యం చేయక వైద్యునికి చూపించడం తప్పనిసరి.